తూలే తల, పోటెత్తే చెవి

నెలల తరబడి తల తూలుతూ, చెవి పోటు పెడుతూ ఉన్న మనిషి చేతిలో తప్పకుండా ఒక కవరు ఉంటుంది. అందులో మెదడు ఎమ్మారై, మెడ ఎక్స్-రే, ఈసీజీ, షుగరు, థైరాయిడ్ పరీక్షల కాగితాలు, నాలుగైదు మందుల చీటీలు. పరీక్షలన్నీ దాదాపుగా నార్మలే. ఒక డాక్టరు మెడ ఎముకలు అరిగాయంటారు, ఇంకొకరు చెవి నరం వీకయిందంటారు, మరొకరు గ్యాస్ అంటారు. ఆఖరికి ఇంట్లోవాళ్ళు “అంతా నీ మనసులోనే ఉంది” అనేస్తారు. బాధ మాత్రం అలాగే ఉంటుంది.

ఈ రెండు బాధలూ ఒకే ప్రశ్న అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుందని నా అభిప్రాయం. తలా చెవీ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకేసారి ఇబ్బంది పెడుతున్నాయి, కాబట్టి చెవిలో ఏదో ఒక్క జబ్బే ఉండి ఉంటుందని రోగీ అనుకుంటాడు, తొందరలో ఉన్న వైద్యుడూ అనుకుంటాడు. శరీర నిర్మాణం అలా లేదు. మన సమతూకాన్ని చూసుకునే భాగం లోపలి చెవిలో, పుర్రె ఎముక మధ్యన ఉంటుంది. అక్కడ వచ్చే ప్రధానమైన జబ్బులు లోకాన్ని గిర్రున తిప్పేస్తాయి, వాంతులు తెప్పిస్తాయి, మంచం మీంచి లేవనివ్వవు, కానీ మామూలుగా నెప్పి పెట్టవు. నెప్పి పుట్టేది బయటి చెవిలో, కర్ణభేరి వెనకున్న మధ్య చెవిలో, లేదంటే అసలు చెవే కాని చోట్ల. అందుకే తల ఎందుకు తిరుగుతోంది, చెవి ఎందుకు నెప్పి పెడుతోంది అని రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకుని, రెండిటికీ జవాబులు వచ్చాక అవి ఎక్కడైనా కలుస్తాయేమో చూడాలి.

తలతిప్పుకు చెవి కారణం కావచ్చన్న సంగతే ఒకప్పుడు ఎవరికీ తెలీదు. మెదడుకు రక్తం ఎక్కి తల తిరుగుతోందనుకుని రోగుల ఒంట్లోంచి రక్తం తీసేవారు. 1820లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరెన్స్ పావురాల లోపలి చెవిలో ఉండే అర్ధచక్రాకారపు గొట్టాలను కోసి చూస్తే, ఏ గొట్టం తెగితే పావురం ఆ దిశలో గిరగిరా తిరిగింది. ఆ పరిశోధన అర్థాన్ని మనుషులకు అన్వయించినవాడు పారిస్‌లో బధిరుల సంస్థకు వైద్యుడుగా ఉన్న ప్రాస్పర్ మెనియేర్. తల తిరగడం, చెవిలో హోరు, వినికిడి తగ్గడం కలిసి వచ్చేవాళ్ళలో లోపం మెదడులో లేదు, చెవిలో ఉందని 1861లో వైద్య అకాడమీ ముందు చెప్పాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడే ఆయన చనిపోయాడు.

ఆ తర్వాత వియన్నాలో రాబర్ట్ బరానీ అనే యువ వైద్యుడు రోగుల చెవుల్లో గులిమి కడుగుతుండేవాడు. చాలామంది కళ్ళు తిరుగుతున్నాయనేవారు, వాళ్ళ నల్లగుడ్లు అదిరేవి. నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయని ఒకరు ఫిర్యాదు చేస్తే, వేడినీళ్ళు వాడి చూశాడు. కళ్ళు మళ్ళీ అదిరాయి, ఈసారి ఎదురు దిశలో. చల్లదనం, వేడి లోపలి చెవిలోని ద్రవాన్ని కదిలిస్తున్నాయని గ్రహించి దాన్నే పరీక్షగా మలిచాడు. అది నేటికీ వాడుకలో ఉంది. 1914 నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించినప్పుడు ఆయన రష్యాలో యుద్ధఖైదీ. తలతిప్పు జబ్బులకు అంతర్జాతీయంగా నిర్వచనాలు రాస్తున్న సంఘానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

మనదగ్గర ఇప్పటికీ మొదట అడిగే ప్రశ్న “ఎలా తిరుగుతోంది?” అన్నది. గది తిరుగుతోందా, తల దిమ్ముగా ఉందా, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా? అడగడం తప్పు కాదు గానీ, ఈ జవాబు మీద రోగనిర్ణయం నిలబెట్టలేం. అమెరికాలో అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్ళను ఇదే ప్రశ్న కొద్ది నిమిషాల తేడాతో రెండుసార్లు అడిగి చూస్తే, దాదాపు సగంమంది రెండోసారి వేరే జవాబు చెప్పారని 2007లో డేవిడ్ న్యూమన్-టోకర్ బృందం చూపించింది. ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే వస్తోంది అన్న ప్రశ్నలకు మాత్రం మనుషులు నిలకడగా జవాబు చెబుతారు. అందుకే అసలు ఆధారం గడియారమే.

పక్క మీద ఒత్తిగిలినప్పుడో, అటక మీది డబ్బా కోసం తలెత్తినప్పుడో వచ్చి నిమిషంలోపు తగ్గేది ఒక రకం. దీన్ని బిపిపివి అంటారు. తలతిప్పు జబ్బుల్లో తరచుగా కనిపించేదీ, తేలిగ్గా నయమయ్యేదీ ఇదే. లోపలి చెవిలో ఒకచోట అతుక్కుని ఉండాల్సిన కాల్షియం కార్బొనేట్ పలుకులు ఊడి, పక్కనున్న అర్ధచక్రాకారపు గొట్టంలోకి, ఎక్కువగా వెనక గొట్టంలోకి, జారిపోతాయి. తల కదిలినప్పుడల్లా అవి దొర్లి, తల ఇంకా తిరుగుతూనే ఉందని మెదడుకు తప్పుడు కబురు పంపుతాయి.

దీని పరీక్షను లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరంగా రాశారు. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెడతారు. తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలుతుంది. “కళ్ళు మూసుకోకమ్మా, నా ముక్కు వైపే చూస్తూ ఉండు” అంటారు డాక్టరు. కొన్ని క్షణాలు ఏమీ ఉండదు. ఆ తర్వాత నల్లగుడ్లు మెలి తిరుగుతూ పైకి కొట్టుకోవడం మొదలవుతుంది. ఆమె డాక్టరు చేతిని రెండు చేతులతో పట్టేసుకుంటుంది. “పడిపోతున్నా బాబూ, లేపండి” అంటుంది. అర నిమిషం గడిచేసరికి కళ్ళు నెమ్మదించి నిలబడతాయి. ఎమ్మారైలో ఎప్పటికీ కనిపించని జబ్బు ఇక్కడ కళ్ళెదుట కనిపిస్తుంది. అక్కడినుంచే తలను రెండోవైపు తిప్పి, ఒంటినంతా ఆ పక్కకు ఒత్తిగిలేలా దొర్లించి, చూపు నేల మీదికి పోయేలా ఉంచి, నెమ్మదిగా లేపి కూర్చోబెడితే పలుకులు గొట్టంలోంచి తిరిగి తమ చోటికి చేరతాయి. ఒక్కో భంగిమలో అర నిమిషం, నిమిషం ఆగాలి. అమెరికాలో పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ ఈ పద్ధతిని 1980లోనే తోటి వైద్యులకు చూపించాడు. వాళ్ళు నమ్మలేదు. అది వ్యాసంగా అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. ఇప్పుడు ఇదే మొదటి చికిత్స. ఎక్కువమందికి ఒకటి రెండు సార్లతో తగ్గిపోతుంది. మళ్ళీ రావడం మాత్రం మామూలే. విటమిన్ డి తక్కువున్నవాళ్ళకు అది ఇస్తే తిరగబెట్టడం తగ్గిందని 2020లో వెలువడిన కొరియా పరిశోధన చెబుతోంది. ఎండకు కొదవలేని మన దగ్గర కూడా ఆ లోపం విస్తారంగా ఉంది కాబట్టి ఇది మనకు పనికొచ్చే విషయం.

ఈ పరీక్షకూ చికిత్సకూ కావలసింది ఒక మంచం, తెలిసిన రెండు చేతులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అయిపోగల పని. అయినా రోగులు దీనికోసం నెలల తరబడి స్కాన్‌ల చుట్టూ తిరుగుతున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా సాగుతూ, ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం కలిసి వస్తే అది మెనియేర్ జబ్బు కావచ్చు. దీన్ని తేల్చేది ఆడియోగ్రామ్. అది లేకుండా ఈ పేరు పెట్టకూడదు. మనదగ్గర మెనియేర్ అనిపించుకుంటున్నవాళ్ళలో కొందరికి నిజానికి ఉన్నది మైగ్రేన్. తలనెప్పి లేకుండా కూడా మైగ్రేన్ తలతిప్పుగా రావచ్చు. అయిదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతసేపైనా ఉండవచ్చు. వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, వాళ్ళ అమ్మకో అక్కకో పార్శ్వపు నెప్పి ఉండడం దానికి ఆనవాళ్ళు. దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తిస్తూ నిర్వచనం వచ్చింది 2012లోనే. అందుకే పాత చీటీల్లో ఈ పేరు కనిపించదు.

ఒక్కసారిగా మొదలై రోజుల తరబడి ఆగకుండా తిరిగితే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. చాలావరకు అది సమతూకపు నరానికి వచ్చిన వాపే. కానీ చిన్నమెదడులో వచ్చే పక్షవాతం కూడా అచ్చం ఇలాగే ఉండగలదు. శిక్షణ ఉన్న వైద్యుడు మంచం దగ్గరే చేసే మూడు కంటి పరీక్షలు, మొదటి రోజుల్లో తీసిన ఎమ్మారై కంటే నమ్మకంగా ఈ తేడా చెప్పగలవని 2009లో కట్టా, న్యూమన్-టోకర్‌ల బృందం నిరూపించింది. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలూచెయ్యీ పట్టు తప్పినా, అడుగు వెయ్యలేకపోయినా, కొత్తగా తీవ్రమైన మెడనెప్పి వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికే వెళ్ళాలి.

ఇక నెలల తరబడి ఉండే తలతిప్పు. అర్థం చేసుకోవడానికి కష్టమైనదీ, రోగులను ఎక్కువగా కుంగదీసేదీ ఇదే. లోపలి చెవి ఒక పక్క శాశ్వతంగా దెబ్బతిన్నా మెదడు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మరి ఆరు నెలలైనా తగ్గలేదంటే ఏదో అడ్డుపడుతోందన్నమాట.

ఆ అడ్డంకుల్లో ముఖ్యమైనదానికి 2017లో బరానీ సంఘం నిర్వచనం ఇచ్చింది. క్లుప్తంగా దాన్ని పిపిపిడి అంటారు. మూడు నెలలకు పైగా, దాదాపు ప్రతిరోజూ గంటల తరబడి తూలు, దిమ్ము, నేల నిలకడగా లేదన్న భావన ఉంటాయి. నిలబడితే, నడిస్తే, కళ్ళముందు ఏదైనా గజిబిజిగా కదిలితే పెరుగుతుంది. అరల నిండా సరుకులున్న సూపర్‌మార్కెట్టు, ఎటు చూసినా బళ్ళే ఉన్న కూడలి, వేలితో జరుపుతూ పోయే ఫోను తెర, వీళ్ళకు నరకం. మొదట నిజంగానే ఏదో జరిగి ఉంటుంది: బిపిపివో, నరం వాపో, మైగ్రేనో, తలకు దెబ్బో, తీవ్రమైన భయం దాడో. ఆ దెబ్బకు మెదడు కాపలా పెంచుతుంది. కాళ్ళు బిగిసి, అడుగులు చిన్నవై, చెవి చెప్పేదాని కంటే కన్ను చూసేదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. మొదటి జబ్బు పోయినా ఆ కాపలా మాత్రం దిగదు. దొంగలు పడ్డ ఇంట్లోవాళ్ళు ఆ తర్వాత ఏడాది పాటు పిల్లి గెంతినా లేచి కూర్చున్నట్టు ఉంటుంది మెదడు తీరు.

ఇది మనోభ్రమ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చోటు దొరికిన నిజమైన రుగ్మత. భయం, దిగులు దీన్ని పెంచుతాయి, ఇది వాటిని పెంచుతుంది. “అంతా మనసులోనే” అన్న మాట ఇంట్లో ఎంత ప్రేమతో అన్నా, రోగికి తన మీద తనకున్న నమ్మకాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తుంది.

మరో కారణాన్ని మన దేశంలో ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. స్ట్రెప్టోమైసిన్, జెంటమైసిన్ ఇంజెక్షన్లు కొందరిలో రెండు లోపలి చెవుల సమతూకాన్నీ దెబ్బతీస్తాయి. తల తిరగదు, కానీ చీకట్లో నడవలేరు, మొహం కడుక్కోవడానికి కళ్ళు మూస్తే తూలిపోతారు, నడుస్తుంటే ఎదుటి బోర్డులు ఊగుతూ కనిపిస్తాయి. 1952లో ఒక అమెరికన్ వైద్యుడు జె.సి. అన్న పొడి అక్షరాలతో తన సొంత అనుభవం రాశాడు. మోకాలి క్షయకు స్ట్రెప్టోమైసిన్ తీసుకున్నాక, గుండె కొట్టుకునే అదురుకే పుస్తకంలో అక్షరాలు కదిలిపోయేవట. మంచం తలవైపు ఉన్న లోహపు కడ్డీల మధ్య తలను ఇరికించుకుంటే గానీ చదవలేకపోయేవాడు. అదే ఏడు స్ట్రెప్టోమైసిన్ పరిశోధనకు సెల్మన్ వాక్స్‌మన్‌కు నోబెల్ వచ్చింది. లక్షల ప్రాణాలు కాపాడిన మందే అది. అయినా క్షయకో, తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కో ఇలాంటి ఇంజెక్షన్లు వారాల పాటు తీసుకుని, అప్పటినుంచి తూలుతున్న మనిషి ఆ సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి.

పెద్దవయసులో లేచి నిలబడినప్పుడు కళ్ళు చీకట్లు కమ్మితే అది చెవి సంగతి కాదు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి, మింగుతున్న మాత్రల్ని ఒకసారి తిరగేయాలి.

మెడ అరుగుదల గురించి కూడా చెప్పాలి. నలభై దాటిన చాలామందికి మెడ ఎక్స్-రే తీస్తే ఏదో ఒక అరుగుదల కనిపిస్తుంది. తలతిప్పు లేనివాళ్ళకూ కనిపిస్తుంది. దాన్నే కారణమని చూపించి మెడకు పట్టీ వేయడం వల్ల, తల కదలక, మెదడు సర్దుకునే అవకాశమే పోతుంది.

ఇప్పుడు చెవి నెప్పి. చెవికి స్పర్శ అందించే నరాలు ఒకటి కాదు. కపాలం నుంచి వచ్చే అయిదో, ఏడో, తొమ్మిదో, పదో నరాలతో పాటు మెడ పైభాగపు నరాలు కూడా చెవి దగ్గరకు కొమ్మలు పంపుతాయి. అవే నరాలు పళ్ళకు, దవడకు, నాలుకకు, టాన్సిళ్ళకు, గొంతుకు వెళతాయి. అక్కడ పుట్టిన నెప్పి చెవిలో ఉన్నట్టు అనిపించడం అందుకే. చెవిలో పుల్ల పెట్టగానే కొందరికి దగ్గు వస్తుంది. అది పదో నరం కొమ్మ చేసే పని.

కాబట్టి చెవి లోపల చూసి “ఏమీ లేదు, శుభ్రంగా ఉంది” అన్నారంటే వెతుకులాట అప్పుడే మొదలు కావాలి. పుచ్చిన దవడపన్ను, సగం మొలిచిన జ్ఞానదంతం మామూలు కారణాలు. అంతకంటే తరచుగా తప్పిపోయేది దవడ కీలు. చెవి రంధ్రానికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూస్తే కదిలేది అదే. రాత్రిళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకు, పగలంతా దవడ బిగబట్టేవాళ్ళకు అక్కడి కండరాలు నెప్పెక్కి, ఆ నెప్పి చెవిపోటులా తోస్తుంది. సెయింట్ లూయీ వైద్యుడు జేమ్స్ కాస్టెన్ 1934లోనే దవడ కీలుకూ చెవి బాధలకూ ఉన్న సంబంధం మీద రాశాడు. ఆయన వివరణ అంతా నిలవలేదు గానీ, గమనించిన సంగతి నిలిచింది.

చుట్టా, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటున్న మనిషికి ఒకే పక్క చెవి వారాల తరబడి నెప్పి పెడుతూ, చెవి మాత్రం మామూలుగా ఉంటే, గొంతు, నాలుక మొదలు, టాన్సిళ్ళు తప్పక చూడాలి. గొంతు కాన్సరు మొదటి గుర్తు ఒక్కోసారి ఈ నెప్పే. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్ళలో, తరాలుగా ఉంది. దానివల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో అచ్చయింది. అలాంటి ఇంట్లో “చెవిపోటమ్మా” అని పెద్దామె అంటే, చెవిలో చుక్కలు వేసి పంపేయకుండా నోరు తెరిపించి, దీపం పెట్టి చూడాలి.

ఇంట్లో వెచ్చటి నూనె పోయడం గురించి ఒక్క మాట. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియకుండా చెవిలో ఏదీ పోయకూడదు. పిన్నీసు, తలపిన్ను, అగ్గిపుల్ల అసలే కూడదు.

రెండు బాధలూ నిజంగా చెవిలోనే పుట్టే సందర్భాలు తక్కువ, కానీ ప్రమాదకరమైనవి. చిన్నప్పటినుంచి చీము కారే చెవి మామూలుగా నెప్పి పెట్టదు. అందుకే ఏళ్ళ తరబడి దూది పెట్టుకుని నెట్టుకొస్తారు. ఆ చెవి కొత్తగా నెప్పి పెట్టడం, తల తిరగడం మొదలైతే, చీము కొద్దిగానే ఉన్నా కుళ్ళు వాసన వస్తుంటే, లోపల చర్మపు పొర గడ్డలా పెరిగి ఎముకను తినేస్తూ ఉండవచ్చు. చెవి ముందున్న మెత్తటి ఎముకను లోపలికి నొక్కగానే తల తిరిగిందంటే సమతూకపు గొట్టం దాకా చిల్లు పడిందని అనుమానించాలి. దీనికి ఆపరేషనే దారి, ఆలస్యం చేస్తే మెదడు పొరలకు పాకుతుంది. చెవి మీద నీటిపొక్కులు, భరించలేని నెప్పి, మూతి వంకర, తలతిప్పు కలిస్తే 1907లో రామ్సే హంట్ వర్ణించిన జబ్బు. ఆటలమ్మ వైరస్ తిరగబెట్టడం వల్ల వస్తుంది. మొదటి మూడు రోజుల్లో మందు మొదలుపెడితే మేలు. షుగరున్న పెద్దవాళ్ళకు రాత్రి నిద్ర పట్టనివ్వని చెవి నెప్పి వస్తే పుర్రె ఎముకకు పాకే ఇన్ఫెక్షన్ కావచ్చు. అది చుక్కల మందుతో పోదు.

తలతిప్పూ చెవి నెప్పీ కలిసే మరో దారి ఉంది, దాన్ని ఎవరూ రోగికి చెప్పరు. పడిపోతామన్న భయంతో మెడా భుజాలూ బిగించి, తల తిప్పకుండా, దవడ కరిచిపట్టి నడిచే మనిషికి కొన్ని వారాల్లో మెడ కండరాలూ దవడ కీలూ నెప్పెక్కుతాయి. ఆ నెప్పి చెవికి పాకుతుంది. చెవి నెప్పి పెట్టగానే చెవిలో ఏదో ఉందన్న భయం పెరిగి, ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. మైగ్రేన్ ఉన్నవాళ్ళలోనూ చెవి బరువు, పోటు, తలతిప్పు కలిసి రావచ్చు. పరీక్షలన్నీ మామూలుగా ఉండి బాధ మాత్రం నిజంగా ఉన్న ఎందరి కథో ఇక్కడే అర్థమవుతుంది.

మందుల సంగతి. మొదటి రెండు మూడు రోజుల వాంతులకు, తిప్పుకు ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నారిజీన్ లాంటివి పనికొస్తాయి. వాటిని నెలల తరబడి మింగడం చేటు. మెదడు సర్దుబాటును ఆలస్యం చేస్తాయి, పెద్దవాళ్ళలో చేతి వణుకు, ఒంటి బిగువు తెచ్చిపెడతాయి. మనదగ్గర తలతిప్పు అనగానే రాసే బీటాహిస్టీన్‌ను జర్మనీలో మెనియేర్ జబ్బున్న 221 మంది మీద తొమ్మిది నెలలు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళకూ, మందు తీసుకున్నవాళ్ళకూ దాడుల లెక్కలో తేడా కనిపించలేదు.

నిలబడిపోయిన తలతిప్పుకు అసలు మందు కదలిక. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తలకు దెబ్బ తగిలిన సైనికుల కోసం కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు కూర్చిన వ్యాయామాల నుంచే నేటి పద్ధతులు పెరిగాయి. బొటనవేలి మీద చూపు నిలిపి తలను అటూ ఇటూ తిప్పడం, ఇరుకు పాదాలతో నిలబడడం, నడుస్తూ తల తిప్పడం, క్రమంగా జనంలోకి, బజారులోకి వెళ్ళడం. పిపిపిడి ఉన్నవాళ్ళకు వీటితోపాటు దిగులుకు వాడే కొన్ని మందులు తక్కువ మోతాదులో, భయాన్ని తగ్గించే మాటల చికిత్స కూడా కలుపుతారు. దవడ నెప్పికి మెత్తటి తిండి, వేడి కాపడం, పళ్ళు కొరికేవాళ్ళకు దంతవైద్యుడిచ్చే తొడుగు. ఈ వ్యాయామాలు మొదలుపెట్టిన కొత్తలో తలతిప్పు కాస్త పెరుగుతుంది. ఆ తిప్పును చూసే మెదడు నేర్చుకుంటుంది. అసలు తిప్పనంత నెమ్మదిగా చేస్తే లాభం లేదు, వాంతి వచ్చేంత చేయనక్కర్లేదు. చేసిన పావుగంట, ఇరవై నిమిషాల్లో సర్దుకునేంత తిప్పు సరైన మోతాదు. రోజుకు రెండు మూడు సార్లు, ఆరు నుంచి పన్నెండు వారాలు చేయాలి. ఈ సంగతి ముందే తెలిసినవాళ్ళు కొనసాగిస్తారు. తెలియనివాళ్ళు మూడో రోజునే జబ్బు ముదిరిందనుకుని మానేసి, ఆ కవరు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళతారు.